గేరు మీద చెయ్యి

బాగ్‌లింగంపల్లి యూనియన్ ఆఫీసుల
ఫ్యాను తిరుగుతది గని గాలి రాదు.
టీవీల టై కట్టుకున్న ఒకాయన
దేశం పెద్ద కుర్చీకి అనుభవం గావాల్నా వద్దా అని
గంట సేపటి నుంచి గొంతు చించుకుంటుండు.
మాకు ఆ కుర్చీతోని పని లేదు.
మా కుర్చీ చిన్నది, ఒక కాలు పొట్టి,
కింద అట్టముక్క పెట్టినం.
రిటైరైన ఆర్టీసోళ్ళ సంఘానికి అధ్యక్షుడు గావాలె.
ఇయ్యాల ఓట్లు.

ఒక దిక్కు జంగయ్య.
నాలుగుసార్లు గెలిచిండు.
బస్‌భవన్ల ఏ అంతస్తు, ఏ టేబులు,
ఏ సొరుగుల మా మందుల బిల్లులు పండుకున్నయో
కండ్లు మూసుకోని చెప్తడు.
పద్నాలుగేండ్ల సంది చెప్తనే ఉన్నడు.
అవి గూడ పద్నాలుగేండ్ల సంది
ఆ సొరుగులనే పండుకున్నయి.

ఇంకో దిక్కు షాహెదా,
ముషీరాబాద్ డిపో కండక్టరు.
మైకు పట్టుకుంటే చెయ్యి వణుకుతది.
"నాకు రాజకీయం రాదు అన్నా" అన్నది మొన్న చాయ్ కాడ,
తప్పు ఒప్పుకున్నట్టు.

నేను ఇరవై తొమ్మిదేండ్లు స్టీరింగు తిప్పినోన్ని.
అనుభవమంటే ఏందో నా నడుముకు తెల్సు.
నారాయణగూడ కాడ గుంత ఏడుందో
చీకట్ల సుత చెప్పేటోన్ని.
తప్పించుకుంట పోయిన, ఇరవై తొమ్మిదేండ్లు.
పూడ్చమని ఒక్క కాగితం రాయలే.

గట్లని కొత్తోళ్ళ మీద మోజు లేదు నాకు.
నా మొదటి డ్యూటీ. వానకాలం.
చిక్కడపల్లిల బ్రేకు ఆలస్యమై
జామకాయల బండికి తాకిచ్చిన.
కాయలన్ని మోరీల తేలుకుంట పోయినయి.
నాకొక మెమో వచ్చింది, అంతే.
బండి ముసలాయనకు ఎవ్వరు ఏమియ్యలే, నేను గూడ.
కొత్తోడు నేర్చుకునే ఫీజు
రోడ్డు మీదోడు కడ్తడు.
ఆ సంగతి టీవీల ఎవ్వరు చెప్తలేరు.

మర్నాడు సీనియర్ డ్రైవరు కిష్టప్ప
బానెట్ మీద నా పక్కనొచ్చి కూసున్నడు.
తిట్టలే.
గేరు మీది నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి
ట్యాంక్‌బండ్ దాంక అట్లనే వచ్చిండు.
ఇంజను ఎప్పుడు మూలుగుతదో, ఎప్పుడు అడుగుతదో
చెయ్యికి చెప్పిండు, చెవికి గాదు.

షాహెదాకు ఏం తెల్సని అడుగుతుండ్రు మావోళ్ళు.
నేను చూసిన.
తొంభైమంది ఎక్కిన బండిల
ఎవ్వరి కాలు తొక్కకుంట
ఈ డోరు నుంచి ఆ డోరుకు పోయేది.
టికెట్టు ఎన్కాల రాసిచ్చిన రూపాయి బాకీ
దిగేటోన్ని పిలిచి మరి ఇచ్చేది.
తాగినోన్ని దించేది,
దించినట్టు వానికే తెల్వకుండ.
ఇది రాజకీయం గాకుంటే
రాజకీయమంటే ఏందో నాకు తెల్వదు.

అయినా మనసు ఊగులాడింది.
ఆ సొరుగుల నా బిల్లు గూడ ఉన్నది.
ఈమె నేర్చుకునే దాంక
నా షుగరు ఆగుతదా?

లైన్ల నిలబడ్డం.
ఆమె జంగయ్య కాడికి పోయి అడిగింది,
"అన్నా, నేను గెల్చినా ఓడినా
ఆ సొరుగు ఏడుందో జర చూపియ్యరాదు?"
జంగయ్య నవ్విండు.
భుజం మీది తువ్వాల సదురుకున్నడు.
"గవన్ని చెప్తే వచ్చేటియి గావమ్మా."

కిష్టప్ప చెయ్యి యాదికొచ్చింది.
గరుకు చెయ్యి. బీడీ వాసన.

కాగితం తీస్కోని తెర ఎన్కకు పోయిన.
గట్టిగ గుద్దితే ఇంకు పక్క గడిలకు పాకుతది,
అడ్డంగ మడిస్తే అవతలోని పేరు మీద మరక పడ్తది.
రెండుసార్లు నా ఓటు గట్లనే ఖరాబైంది.
ఊది, ఆరబెట్టి, నిలువుగ మడిచిన.

బయట నా ఎన్క నర్సింలు నిలబడ్డడు,
మొన్ననే రిటైరైండు, మాల పూలు గూడ ఎండలే.
చెవి కాడికి వంగి చెప్పిన,
"మెల్లగ గుద్దు తమ్మీ. ఊదు.
నిలువుగ మడువు."